విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

సావనీరుకు ఒక మహనీయుని జీవితం గురించి రాసిమ్మని సంఘం కార్యదర్శి నన్ను అడిగినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఏ దేశనాయకుడో, ఏ మహాకవో అయ్యుండాలి. పాత సంచికలు తిరగేస్తే అవే ఎక్కువ. నేను మాత్రం ఒక మోటారు మెకానిక్కు గురించి రాయబోతున్నాను. ఆ మెకానిక్కు తర్వాత వందల బస్సులకు యజమాని అయ్యారు, కర్మాగారాలు పెట్టారు, ఇంజనీరింగు కాలేజీ కూడా పెట్టారు. అయినా నా దృష్టిలో ఆయన చివరిదాకా మెకానిక్కే. ఆ మాట ఆయన వింటే నొచ్చుకోకపోగా సంతోషించి ఉండేవారని నా నమ్మకం. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. ఊరు కోయంబత్తూరు. ఇంటి భాష తెలుగు.

ఈ ఆఖరి మాట మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. నేను ఈ కాలేజీ పాత విద్యార్థిని, మెకానికల్ బ్రాంచి. కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆదివారం పూట మా వాకిట్లో నా పాత ప్రీమియర్ పద్మిని బానెట్ ఎత్తి ఉంటుంది కనుక, మన కాలేజీ కుర్రాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ అక్కడ చేరుతుంటారు. మొన్నామధ్య నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకతనికి ఉద్యోగం వచ్చింది. కొత్త కారు అప్పు మీద కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది తీసుకొని తనే బాగుచేసుకోవాలా అని వాదులాట. మాటల్లో నేను జి.డి. నాయుడి పేరెత్తితే, నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు. హెన్రీ ఫోర్డ్ తెలుసు, టాటా తెలుసు, మన మనిషి తెలియదు! అందుకే ఈ వ్యాసం.

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. నాయక రాజుల కాలం నాటికే దక్షిణాదికి తరలివెళ్లి, కొంగునాడులో సేద్యం చేసుకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. అలాంటి రైతు కుటుంబమే వీళ్లదీ. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. పంతులుగారి ముఖాన ఇసుక కొట్టి పారిపోయిన కథ ఇప్పటికీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. మూడో నాలుగో తరగతితో చదువు సరి. తర్వాత పొలం పనులు. ఇలాంటి పిల్లవాణ్ణి మన ఇళ్లలో ఏమంటామో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఇరవై ఏళ్ల వయసు ప్రాంతంలో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఒక ఇంగ్లీషు రెవెన్యూ ఉద్యోగి మోటారు సైకిలు మీద ఆ పల్లెకు వచ్చాడు. అది 1912 మోడల్ రడ్జ్, ఇంగ్లండులో కోవెంట్రీలో తయారైనది. ఒకటే సిలిండరు, వెనక చక్రానికి బెల్టు. నేటి కుర్రాళ్లు చూస్తే సైకిలుకు ఇంజను తగిలించారేమో అనుకుంటారు. ఎద్దు లేకుండా, తొక్కకుండా నడిచే ఆ బండి నాయుడుగారి మనసును పట్టేసింది. చాలామంది అయితే బండి ఎక్కాలని కోరుకుంటారు. ఈయనకు మాత్రం అది ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని పుట్టింది. ఈ రెండు కోరికలకూ చాలా దూరం.

తెలుసుకోవాలంటే బండి కావాలి, బండి కావాలంటే డబ్బు కావాలి. ఆయన ఊరు వదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. ఇడ్లీలు, కాఫీలు అందిస్తూ దాదాపు 3 ఏళ్లు పైసా పైసా కూడబెట్టారు. 300 రూపాయలు కాగానే ఆ దొర దగ్గరికే వెళ్లి ఆ బండినే కొన్నారు. ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజుల్లో 300 రూపాయలు హోటలు సర్వరుకు చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతో పొలమో, ఆవులో కొనుక్కోవచ్చు. ఈయన కొన్నది వాడేసిన ఒక మోటారు సైకిలు. కొని ఏం చేశారు? ఊరేగలేదు. ఇంటికి తెచ్చి ముక్కలు ముక్కలుగా విప్పేశారు. మళ్లీ బిగించారు. బండి నడిచింది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఎందుకంటే ఈ విప్పి బిగించడం అనే పని గురించి, అది చెయ్యనివాళ్లకు ఒక అపోహ ఉంది. విప్పడం తేలిక, ఎవడైనా విప్పుతాడు, బిగించడమే కష్టం అంటారు. నిజానికి విప్పేటప్పుడే బిగించడం నేర్చుకోవాలి. నా పద్మిని కార్బొరేటరు మొదటిసారి దించినప్పుడు పాత దుప్పటి పరిచి, ఏది ముందు ఊడింది, ఏది తర్వాత ఊడింది అనే వరసలో ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ వెళ్లాను. జెట్టు, ఫ్లోటు, సూది, స్ప్రింగు, వాషరు. వాషరు ఏ ముఖం పైకి ఉందో కూడా సుద్దముక్కతో రాసుకోవాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రావాలి, అంతే. మా వీధి చివర షెడ్డులో ఉన్న ఉస్తాద్ ఈ సంగతి నాకు నేర్పాడు. ఆయన బడికి వెళ్లింది తక్కువే. నాయుడుగారికి ఆ మాత్రం ఉస్తాద్ కూడా లేడు. మెకానిక్కు లేడు, మాన్యువల్ లేదు, ఉన్నా ఇంగ్లీషులో ఉంటుంది. ఆయనకు గురువు ఆ బండే. మాగ్నెటో తిరిగితే రవ్వ ఎందుకు పుడుతుంది, ఆ రవ్వ సరిగ్గా పిస్టను పైకి వచ్చే వేళకే ఎందుకు రావాలి, కవాటం తెరుచుకునే సమయం కాస్త తప్పితే ఇంజను ఎందుకు దగ్గుతుంది అనేవన్నీ మనకు థర్మల్ ఇంజనీరింగు పేపర్లో రెండు సెమిస్టర్ల పాఠాలు. ఆయన వేళ్లతో చదువుకున్నారు.

ఆ చదువుతోనే ఆయన మెకానిక్కు పనికి దిగారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పత్తి వ్యాపారం చేసి డబ్బు గడించారు. ఆశ పెరిగి బొంబాయి పత్తి మార్కెట్టుకు వెళ్లారు. అక్కడి పెద్ద వర్తకుల మధ్య గెలవలేక సంపాదించింది పోగొట్టుకొని వెనక్కి వచ్చారు. ఈ భాగం మీద ఎక్కువ చెప్పడానికేం లేదు. యంత్రం లేని చోట ఆయన ఓడిపోయారని మాత్రం నాకు అనిపిస్తుంది.

1920లో ఆయన మళ్లీ యంత్రం దగ్గరికి వచ్చారు. ఒక బస్సు కొన్నారు. అప్పు ఇచ్చి ఆదుకున్నది రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు పారిశ్రామికవేత్త. కోయంబత్తూరులో నూలు మిల్లు, కాఫీ వ్యాపారం, ఒక పాఠశాల, ఇన్నింటికి మూలపురుషుడాయన. అప్పటికి ముసలివాడు. బొంబాయిలో నష్టపోయి వచ్చిన, మూడో నాలుగో తరగతితో చదువు ఆపిన పల్లెటూరి యువకుడికి ఆయన డబ్బు ఎందుకిచ్చాడు? నాకు తోచింది చెబుతాను. బస్సు దారిలో ఆగిపోతే బాగుచేయగలవాడి చేతిలో అప్పు మునగదు. ఆ రోజుల్లో బస్సు కొనడం కాదు కష్టం, దాన్ని రోజూ నడిపించడం కష్టం. విడిభాగాలు ఓడ మీద రావాలి, రోడ్లు మట్టివి, టైర్లు నిలవవు. నడిపేవాడూ, బాగుచేసేవాడూ, అప్పు తీర్చేవాడూ ఒకే మనిషి అయితే అప్పిచ్చినవాడికి అంతకన్నా హామీ ఏముంది?

ఆ మొదటి బస్సును నాయుడుగారు పొల్లాచి, పళని మధ్య నడిపారు. పొల్లాచిలో సంత, పళనిలో మురుగన్ కొండ, సరుకుతో ఒకరు, మొక్కుతో ఒకరు, ఎప్పుడూ జనమే. స్టీరింగు ముందు కూర్చున్నది ఆయనే. ఒకటి రెండైంది, రెండు పదయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్, అంటే యు.ఎం.ఎస్., కొన్నేళ్లలో దక్షిణాదిలో పేరుమోసిన రవాణా సంస్థ అయింది. 1930ల నాటికి బస్సులు వందల్లోకి వెళ్లాయి.

అప్పు ప్రసక్తి వచ్చింది కనుక, మా వాకిట్లో వాదులాడిన ఆ కుర్రాడి కోసం నాలుగు మాటలు చెప్పక తప్పదు. మలక్‌పేట దాటినప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు పక్కలా చూస్తూ రండి. కోచింగు సెంటర్లు, బంగారం దుకాణాలు, వాటి మధ్య పాత కార్లు అమ్మేవాళ్లు, వాళ్ల పక్కనే ఫైనాన్సు ఇప్పించేవాళ్లు. బోర్డు మీద పది శాతం వడ్డీ అని ఉంటే అది ఫ్లాట్ వడ్డీయేమో ముందు అడగండి. 3 లక్షలు 3 ఏళ్లకు పది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 90 వేలు. నెలకు కిస్తీ 10,833 రూపాయలు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే కడుతున్నారు. బ్యాంకువాళ్లు లెక్కకట్టే పద్ధతిలో, తగ్గుతున్న అసలు మీద చూస్తే అది దాదాపు 18 శాతం. పదికీ పద్దెనిమిదికీ తేడా లెక్క చేయకుండా సంతకం పెట్టే ఇంజనీర్లను నేను చూశాను.

ఇంకొక్కటి. పాత బండి కొనేటప్పుడు ఆర్.సి.లో హైపోథికేషన్ ఉందేమో చూడాలి. ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన కాగితం తెచ్చి ఆర్.టి.ఏ.లో కొట్టేయించేదాకా డబ్బు ఇవ్వకూడదు. మా కాలనీలో ఒకాయన కష్టార్జితం పోసి కారు కొన్నాడు. పాత యజమాని బాకీ ఉన్నాడని 4 నెలలకు ఎవరో వచ్చి బండి లాక్కుపోయారు. ఆయన భార్య ఆ బండి కోసం గాజులు అమ్మింది. ఇది వ్యాసం కోసం చెబుతున్న కథ కాదు. ఆ ఇంట్లో ఇప్పటికీ కారు మాటెత్తరు.

ఎల్.బి. నగర్ అన్నాను. ఎల్.బి. అంటే లాల్ బహదూర్. మెట్రో దిగి రోజూ అటూ ఇటూ తిరిగేవాళ్లలో ఎంతమంది ఈ పేరు విప్పి చూశారో! ఆ లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రి అయ్యాక ఇంట్లో పిల్లల ముచ్చట మీద ఒక ఫియెట్ కారు కొన్నారు. ధర 12,000. దగ్గర ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన కన్నుమూసే నాటికి అప్పు మిగిలే ఉంది. భార్య లలితా శాస్త్రిగారు తనకు వచ్చిన పెన్షనులోంచి దాన్ని తీర్చారు. నా పద్మిని ఆ ఫియెట్‌కు స్వయానా చెల్లెలే. పేరు మారింది గాని ఇంజను, ఒళ్లు అవే. అందుకని ఎల్.బి. నగర్ చౌరస్తాలో సిగ్నలు దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకు ఆ 5,000 గుర్తుకొస్తాయి.

ఇక నాయుడుగారి కథలోకి. బస్సులు పెరిగాక ఆయన వాటి మీద కూర్చుని తినొచ్చు. ఆయన విప్పడం మానలేదు. 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు కేంద్రం మొదలైంది. కోయంబత్తూరు జిల్లాకు చవకగా కరెంటు వచ్చింది. కరెంటు వస్తే మోటార్లు కావాలి. మోటార్లన్నీ విదేశాలవే. మన దేశంలో మొట్టమొదటి ఎలక్ట్రిక్ మోటారు 1937లో పీలమేడులోని న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో తయారైంది. దాని వెనక ఉన్నవారు నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు. బాలసుందరంగారు తర్వాత టెక్స్‌టూల్ అనే పెద్ద సంస్థను నెలకొల్పారు. మన రాయలసీమలో, నల్లగొండలో బావుల మీద దశాబ్దాలపాటు తిరిగిన కోయంబత్తూరు పంపుసెట్లకు తాతముత్తాతలు ఆ రోజు పుట్టాయన్నమాట. కోయంబత్తూరు మోటారు అంటే మన రైతుకు ఒక నమ్మకం. ఆ నమ్మకానికి మూలం ఒక తెలుగువాడని ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు.

జర్మనీ వెళ్లారు. బ్యాటరీ సెల్లుతో చిన్న మోటారు తిరిగే గడ్డం గీసుకునే యంత్రం రూపొందించి, 'రసంత్' పేరుతో అక్కడే తయారు చేయించారు. పల్చటి బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసం చేయడానికి వీల్లేని ఓటింగు యంత్రం, ఇలా చాలా చేశారు. 1941లో 5 వాల్వుల రేడియోను 70 రూపాయలకు ఇవ్వగలనని ప్రకటించారు. కెమెరా మీద మోజు. 1936లో అయిదో జార్జి రాజు అంత్యక్రియల ఊరేగింపును లండనులో స్వయంగా చిత్రీకరించారు. వ్యవసాయంలో ఎత్తయిన పత్తి మొక్కలు పెంచారు. జాబితా ఇంకా ఉంది గాని, జాబితాలు నాకు పడవు. ఈ జాబితా చూసే కాబోలు ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అంటారు. ఆ బిరుదు నాకు నచ్చదు. ఎడిసన్‌కు ప్రయోగశాల ఉంది, అందులో పనివాళ్లు ఉన్నారు. నాయుడుగారికి ఉన్నది ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, ఎదుటివాడి యంత్రాన్ని చూసి దీన్ని ఇంతకన్నా చవకగా ఎందుకు చేయకూడదు అనే ప్రశ్న. ఎప్పుడూ అదే ప్రశ్న. రేజరు దగ్గరా అదే, రేడియో దగ్గరా అదే.

చివరికి కారు దగ్గరా అదే. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారు చేశారు. ధర 2,000 రూపాయలు. పైన చెప్పిన ఫియెట్ ధర గుర్తుందా? పన్నెండేళ్ల తర్వాతి ధరైనా సరే, దేశానికి ప్రధాని అప్పు చేసి కొన్న కారు ధరలో ఇది ఆరో వంతు. గుమాస్తా కొనగలిగిన కారు! ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. 1951 నాటి పరిశ్రమల చట్టం సరిగ్గా 1952 మే నెలలోనే అమల్లోకి వచ్చింది. ఎవరు ఏది తయారు చేయాలో, ఎంత తయారు చేయాలో ఢిల్లీ నిర్ణయించే రోజులవి. కార్లు కొద్దిమందే చేయాలనీ, చేసేవాళ్లు భాగాలన్నీ ఇక్కడే చేయాలనీ విధానం. ఆ విధానం దెబ్బకు జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలే బొంబాయి, మద్రాసుల్లో బిగింపు పనులు కట్టిపెట్టి వెళ్లిపోయాయి. కోయంబత్తూరు మెకానిక్కు ఎంత? అంబాసిడరుకూ, ఫియెట్‌కూ డబ్బు ముందే కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకున్న మన నాన్నల తరం, మామయ్యల తరం ఆ లైసెన్సు నిరాకరణకు మూల్యం చెల్లించింది. సామాన్యుడి చిన్న కారు వీధిలోకి రావడానికి 1983 డిసెంబరు దాకా, మారుతి 800 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 31 ఏళ్లు. నాయుడుగారి కారు ఎంతకాలం మన్నేదో, ఎన్ని రిపేర్లు వచ్చేవో ఆ విచారణ వేరు. మన్నికో కాదో రోడ్డు తేల్చాల్సింది, ఫైలు తేల్చింది. అదీ నా బాధ.

ఇప్పుడు మన కాలేజీవాళ్లకు గుచ్చుకునే సంగతి. 1944లో నాయుడుగారు మోటారు వ్యాపారపు పగ్గాలు వదిలేసి దానధర్మాలకూ, విద్యకూ మళ్లారు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కాలేజీ ఏర్పడ్డాయి. వాటి వెనక ఉన్నది నాయుడుగారే. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. చిన్నప్పుడే బడి నుంచి పారిపోయిన మనిషి ఇంజనీరింగు కాలేజీకి పెద్ద అయ్యారు. అయ్యాక ఊరుకున్నారా? నాలుగేళ్ల కోర్సు దండగ అని పేచీ పెట్టారు. సెలవులు తగ్గించి, చేతిపని పెంచితే రెండేళ్లలో అదే చదువు చెప్పొచ్చునన్నది ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు.

ఈ పేచీలో నేను ఎవరి పక్షం? సూటిగా చెబుతాను. సగం సగం. కనెక్టింగు రాడ్డు ఎన్ని కోట్ల సార్లు వంగితే అలసి విరుగుతుందో విప్పి చూస్తే తెలియదు. దానికి లెక్కలు కావాలి, ఆ లెక్కలకు ఓపిక కావాలి, రెండేళ్లు చాలవు. వంతెన కట్టేవాణ్ణి కూలగొట్టి నేర్చుకోమనలేం. ఆ సంగతి నాయుడుగారు తేలిగ్గా తీసుకున్నారనిపిస్తుంది. కానీ రెండో సగం ఆయనదే. నాలుగేళ్లు చదివి, నూటికి ఎనభై మార్కులు తెచ్చుకొని, క్లచ్ ప్లేటు చేత్తో పట్టుకోని మెకానికల్ పట్టభద్రులు మన దగ్గర ఏటా బయటికి వస్తున్నారు. ల్యాబులో ఇంజను అడ్డంగా కోసి, ఎర్రరంగు వేసి, అద్దాల పెట్టెలో పెట్టారు. అది చూడ్డానికి. విప్పడానికి ఒక పాత ఇంజను, పాడైనా ఫర్వాలేదనుకునే ఇంజను, ప్రతి బ్యాచికీ ఒకటి ఇస్తే ఏం పోతుంది? వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో తుక్కు ధరకు దొరుకుతుంది. లెక్చరర్లు ఈ మాటకు కోపగించుకోరని ఆశిస్తాను. నేనూ వాళ్ల శిష్యుణ్ణే.

దిల్‌సుఖ్‌నగర్‌లో 3 నెలల కోర్సుల బోర్డులు చూసినప్పుడల్లా నాకు నాయుడుగారు గుర్తొస్తారు, నవ్వూ వస్తుంది. ఆయన కోరిన పొట్టి కోర్సులు మా వీధిలో ప్రతి మేడ మీదా ఉన్నాయి. మెట్లెక్కలేనంత మంది పిల్లలు. కానీ ఆయన కోర్సు పొట్టిగా ఉండాలన్నది చేతికి నూనె అంటడం కోసం. ఇక్కడ చేతికి అంటేది జెరాక్సు సిరా.

కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. నాయుడుగారి కాలం వేరు, నీ పద్మిని కాలం వేరు, ఈనాటి కారును ఇంట్లో విప్పగలమా అని. న్యాయమైన ప్రశ్న. నా పద్మినిలో ఇంజను ఆగితే రెండే అనుమానాలు, పెట్రోలు రావడం లేదు, లేదా రవ్వ రావడం లేదు. ప్లగ్గు ఊడదీసి చూస్తే సగం తేలిపోతుంది. ఈనాటి కారులో కంప్యూటరు ఉంది, సెన్సర్లు ఉన్నాయి. అయినా డాష్‌బోర్డు కింద ఒక సాకెట్టు ఉంటుంది. చిన్న స్కానరు తగిలిస్తే బండి తన జబ్బు తానే నంబరు రూపంలో చెబుతుంది. ఆ నంబరు చెప్పేది జబ్బు ఎక్కడో మాత్రమే, ఎందుకో వెతకాల్సింది మళ్లీ మనిషే. బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు, బ్యాటరీ, కూలెంటు, ఆయిలు, ఇవి ఇప్పటికీ ఇంట్లో చేసుకోవచ్చు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. ఎలక్ట్రిక్ కారులో నారింజరంగు తీగల జోలికి మాత్రం నాయుడుగారి శిష్యులైనా సరే వెళ్లొద్దు. అది ప్రాణం తీసే వోల్టేజి.

పాత కారు చూడ్డానికి వెళ్తే పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికి అమ్మేవాడు ఇంజను వేడెక్కించి ఉంచితే ఏదో దాస్తున్నాడు. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది, రింగులో బోరో అరిగింది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి, హెడ్ గ్యాస్కెట్టు చూడాలి. ఆయిలు మూత తిప్పి లోపల మీగడలాంటిది కనబడితే అక్కణ్ణించి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ కుర్రాడు ఈ పరీక్షలన్నీ చేసి, ఎల్.బి. నగర్‌లో 11 ఏళ్ల కారు ఒకటి నగదుకు తీసుకున్నాడు. సస్పెన్షను బుష్‌లు తనే మార్చాడు. రెండు ఆదివారాలు పట్టింది. ఇద్దరం కలిసి పుత్లీబౌలి దాకా వెళ్లి సామాను తెచ్చుకున్నాం. వాళ్లమ్మగారికి ఇప్పటికీ కొత్త కారే ఇష్టం. ఆవిడతో వాదించే సాహసం నాకు లేదు.

నాయుడుగారు 1974 జనవరి 4న 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కోయంబత్తూరు ఆయన్ని మరిచిపోలేదు. అవినాశి రోడ్డు మీద ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. 2015లో దానికి తోడుగా పాత కార్ల మ్యూజియం తెరిచారు. 2025 అక్టోబరులో అదే అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైచిలుకు పొడవైన ఫ్లైఓవరు మొదలైతే దానికి ఆయన పేరు పెట్టారు. పేరు చివర నాయుడు ఉండొచ్చా కూడదా అని అక్కడ కొంత రభస కూడా జరిగింది. జీవితమంతా రోడ్డు మీద బతికిన మనిషికి విగ్రహం కన్నా రోడ్డే తగినది కనుక ఆ రభస నాకు పెద్దగా పట్టలేదు.

మన మెకానికల్ వాళ్లు ఏటా ఇండస్ట్రియల్ టూరు అంటూ వెళ్తుంటారు. ఎక్కువగా గోవా ఎందుకు చేరతారో నాకు తెలుసు, నేనూ ఆ వయసు దాటే వచ్చాను. ఈసారి కార్యదర్శిగారు ఒప్పుకుంటే సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. మర్నాడు కోయంబత్తూరులో దిగొచ్చు. మ్యూజియం చూశాక, వీలైతే ఒక బస్సెక్కి పొల్లాచి నుంచి పళని దాకా వెళ్లి రండి. అరవై కిలోమీటర్ల చిల్లర దారి, కొబ్బరితోటల మధ్య నుంచి పోతుంది. కిటికీ పక్కన సీటు దొరికితే మరీ మంచిది.